పాట రిలీజైంది, మరి జనం ఏమన్నారు? 2021లో మన రియాక్షన్ చేసిన చరిత్ర

ఈ ఎపిసోడ్ మదీనాగూడలోని మా రూమ్ నుంచే రికార్డ్ చేస్తున్నాం. వెనకాల చప్పుడు వినిపిస్తే ఏమీ అనుకోకండి, కింద హైవే ఉంది. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే మియాపూర్ నుంచి చందానగర్ దాకా రోజూ ఏదో ఒక బరాత్ వెళ్తూనే ఉంటుంది. మొన్న రాత్రి కూడా ఒకటి వెళ్లింది. డీజే బండి మీద ఏం పాట వేశారో మీరే చెప్పండి చూద్దాం. అవును, 'బుల్లెట్టు బండి'నే!

అప్పుడే నాకు ఈ టాపిక్ తట్టింది. ఆ పాట వచ్చింది 2021లో. అది సినిమా పాట కాదు. అందులో హీరో లేడు, పెద్ద బ్యానర్ లేదు. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా బరాత్‌లో అదే మోగుతోంది. ఎందుకు? పాట బాగుంది కాబట్టి అంటే సరిపోదు. బాగున్న పాటలు బోలెడు వచ్చి పోయాయి. ఈ పాటకి జనం ఇచ్చిన రియాక్షన్ వేరే లెవెల్. ఈ రోజు మన కథ దాని గురించే. ఒక పాటకి మనం ఇచ్చే రియాక్షన్ ఆ పాట తలరాతని ఎలా మారుస్తుంది? దీనికి తెలుగులో 2021ని మించిన ఉదాహరణ నాకైతే దొరకలేదు. ఒక్క ఏడాదిలో నాలుగు పాటలు, నాలుగు రకాల రియాక్షన్లు.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం.

సినిమాతో సంబంధం లేని పాటని మనవాళ్లు 'ప్రైవేట్ సాంగ్' అంటారు కదా. ఈ మాట కొత్తదేం కాదు. గ్రామఫోన్ రోజుల్లోనే ప్రైవేట్ రికార్డులు ఉండేవి. కరుణశ్రీ గారి 'పుష్పవిలాపం' పద్యాలు ఘంటసాల గారు పాడితే, సినిమా లేకుండానే ఇంటింటా వినిపించాయి. మరి ఆ రోజుల్లో శ్రోత రియాక్షన్ ఎలా ఉండేది? పోస్ట్‌కార్డ్! వివిధభారతిలో జనరంజని కార్యక్రమానికి ఉత్తరం రాస్తే, మీ పేరు, మీ ఊరి పేరు చదివి పాట వేసేవాళ్లు. రేడియోలో తమ పేరు వినడానికి ఇంటిల్లిపాదీ రేడియో చుట్టూ కూర్చునేవాళ్లు. అప్పటి లైక్ బటన్ అదే అన్నమాట. కాకపోతే ఆ లైక్ చేరడానికి వారాలు పట్టేది.

తర్వాత క్యాసెట్లు, ఆ తర్వాత శాటిలైట్ టీవీ. ఈటీవీలో బాలు గారి 'పాడుతా తీయగా'లో పాడిన స్మిత, 2000లో 'హాయ్ రబ్బా' అనే పాప్ ఆల్బమ్‌తో వచ్చారు. తెలుగులో ఒక అమ్మాయి, సినిమా లేకుండా, తన పేరు మీదే పాప్ ఆల్బమ్ చేయడం అప్పట్లో కొత్త. ఆ తర్వాత 1973 నాటి 'దేవుడు చేసిన మనుషులు'లో ఎల్.ఆర్. ఈశ్వరి గారు పాడిన 'మసక మసక' పాటని స్మిత రీమిక్స్ చేశారు. ఇప్పుడైతే పాత పాటని ముట్టుకున్న గంటకే కామెంట్లలో యుద్ధం మొదలవుతుంది. అప్పుడు ఎవరికి నచ్చినా నచ్చకపోయినా ఆ మాట వాళ్ల హాస్టల్ రూమ్‌లోనో, టీ కొట్టు దగ్గరో ఆగిపోయేది. పాడినవాళ్లకి చేరే దారే లేదు.

ఆ దారి వేసింది ఇంటర్నెట్. 2011 నవంబర్‌లో తమిళం నుంచి 'వై దిస్ కొలవెరి డి' వచ్చింది. స్టూడియోలో కూర్చుని సరదాగా పాడినట్టున్న ఆ వీడియో దేశమంతా తిరిగింది. భాష రానివాళ్లు కూడా పాడారు, పేరడీలు చేశారు. 2012 డిసెంబర్‌లో కొరియన్ పాట 'గంగ్నమ్ స్టైల్' యూట్యూబ్‌లో 100 కోట్ల వ్యూస్ దాటిన మొదటి వీడియో అయింది. కానీ అప్పటికి మన ఊళ్లలో వీడియో చూడాలంటే డేటా ఖర్చుకే భయం. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక ఆ భయం పోయింది. పొలం గట్టు మీద కూర్చున్నవాళ్లు, మదీనాగూడ పీజీలో ఉన్నవాళ్లు ఒకే పాటని ఒకే నిమిషంలో చూడటం అప్పుడే మొదలైంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. వ్యూస్ వేరు, రియాక్షన్ వేరు. 2019 జూలైలో బాద్‌షా పాట 'పాగల్'కి 24 గంటల్లో 7.5 కోట్ల వ్యూస్ వచ్చాయని ప్రకటించారు. వరల్డ్ రికార్డే కదా? కానీ యూట్యూబ్ ఆ రికార్డుని గుర్తించలేదు. అందులో యాడ్స్ ద్వారా కొన్న వ్యూస్ ఉన్నాయని గొడవ. ఆ సెప్టెంబర్‌లోనే యూట్యూబ్ రూల్ మార్చేసింది. 24 గంటల రికార్డులకి, మ్యూజిక్ చార్టులకి యాడ్ ద్వారా వచ్చే వ్యూస్ లెక్కలోకి రావని చెప్పింది. అంటే వ్యూస్‌ని డబ్బు పెట్టి కొనొచ్చు. బరాత్‌లో డాన్స్ చేసే కాళ్లని మాత్రం కొనలేం. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

2020లో ఇంకో మలుపు. లాక్‌డౌన్‌లో అందరూ ఇంట్లోనే. మన సన్‌రైజర్స్ వార్నర్ మామ 'బుట్టబొమ్మ'కి ఇంట్లో భార్యతో డాన్స్ చేసి టిక్‌టాక్‌లో పెడితే తెలుగువాళ్లంతా దత్తత తీసుకున్నారు. జూన్ 29న టిక్‌టాక్ బ్యాన్ అయింది. జూలైలో ఇన్‌స్టా రీల్స్, సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ ఇండియాలోకి వచ్చేశాయి. చేతిలో ఫోన్ ఉంది, డేటా ఉంది, డాన్స్ వేయడం అలవాటైపోయింది. ఇక కావాల్సింది పాటలే. అలా 2021 మొదలైంది.

మొదటి పాట. ఫిబ్రవరి 28న శేఖర్ కమ్ముల 'లవ్ స్టోరీ' నుంచి 'సారంగ దరియా' వచ్చింది. పాడింది మంగ్లీ, సంగీతం పవన్ సీహెచ్, వీడియోలో సాయిపల్లవి. నెల రోజులు దాటాయో లేదో 10 కోట్ల వ్యూస్. ఇదంతా మీకు తెలిసిందే. కానీ చరిత్ర అయింది ఆ నంబర్ కాదు. కోమలి అనే జానపద గాయని ముందుకొచ్చి, ఈ పాటని తాను మా టీవీ 'రేలా రే రేలా' కార్యక్రమంలో ఎప్పుడో పాడానని, తనకి గుర్తింపు దక్కలేదని అన్నారు. సినిమా పాటకి సాహిత్యం సుద్దాల అశోక్ తేజ గారిది. ఆయనేమీ జానపదం తెలియని మనిషి కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో 'పల్లెటూరి పిల్లగాడా' రాసిన సుద్దాల హనుమంతు గారి కొడుకు. జానపదం అందరి సొత్తు, పల్లవి తీసుకుని చరణాలు నేను రాశాను అన్నది ఆయన వాదన.

ఇప్పుడు చెప్పండి, ఎవరిది కరెక్ట్? ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. జానపదానికి కాపీరైట్ కాగితం ఉండదు. కానీ దాన్ని నోటికి పట్టి, మర్చిపోకుండా మన దాకా మోసుకొచ్చిన మనిషి ఒకరు ఉంటారు కదా! శ్రోతలు ఆ ప్రశ్ననే పట్టుకున్నారు. పాటని ఇష్టపడుతూనే, పాడినావిడ సంగతేంటి అని అడిగారు. చివరికి శేఖర్ కమ్ముల గారు కోమలికి క్రెడిట్, డబ్బు ఇస్తామని బహిరంగంగా చెప్పారు. పోస్ట్‌కార్డ్ రోజుల్లో ఇది జరిగేదా? నాకు డౌటే.

రెండో పాట 'బుల్లెట్టు బండి'. ఏప్రిల్‌లో వచ్చింది. లక్ష్మణ్ రాశారు, ఎస్.కె. బాజీ సంగీతం, పాడి వీడియోలో నటించింది కూడా మోహన భోగరాజే. 'బాహుబలి'లో 'మనోహరి' పాడిన గొంతు అదే. పెళ్లికూతురు తను ఎలా పెరిగిందో చెప్పి, నీ వెంట వస్తానని పెళ్లికొడుకుతో అనే పాట. పాట బాగానే ఆడుతోంది. ఆగస్టులో మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లి జరిగింది. బరాత్‌లో పెళ్లికూతురు పెళ్లికొడుకు ముందు నిలబడి ఈ పాటకి డాన్స్ చేసింది. ఎవరో ఫోన్‌లో తీశారు. అంతే! నాలుగు నెలల పాత పాట మళ్లీ కొత్తగా రిలీజైనట్టయింది.

ఆ వీడియో ఎందుకు అంత నచ్చింది? మన పెళ్లిళ్లలో పెళ్లికూతురు తల దించుకుని కూర్చోవాలని ఒక రాయని రూల్ ఉంది కదా. బరాత్‌లో ఎగిరేది పెళ్లికొడుకు ఫ్రెండ్సే. అక్కడ ఆ అమ్మాయి నవ్వుతూ, సిగ్గుపడకుండా, తన మనసులో మాట పాటతో చెప్పింది. విమర్శించినవాళ్లూ ఉన్నారు, కానీ ఆ తర్వాత ఎన్ని పెళ్లిళ్లలో అదే డాన్స్ చూశామో లెక్కే లేదు. ఆ డాన్స్ చేయమని ఎవరూ యాడ్ ఇవ్వలేదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న పాయింట్ ఇదే. కొన్న వ్యూస్‌తో ఆచారం మారదు, ఒక పెళ్లికూతురు రియాక్షన్‌తో కొంచెమైనా మారింది.

మూడో పాట కొంచెం సెన్సిటివ్. జూలైలో, గోల్కొండ బోనాలు మొదలయ్యే టైమ్‌లో, మంగ్లీ కొత్త బోనాల పాట వీడియో వచ్చింది. అందులో అమ్మవారిని ఉద్దేశించి 'మోతెవరి' అనే మాట వాడారు. అమ్మవారిని అవమానించారని కొందరు మండిపడ్డారు, పోలీసులకి కంప్లయింట్ కూడా వెళ్లింది. సోషల్ మీడియాలో మంగ్లీని వ్యక్తిగతంగా తిట్టారు. అది పాలమూరు జానపద కవి రామస్వామి గారు 25 ఏళ్ల కింద రాసిన పాటని, మోతెవరి అంటే ఊరి పెద్ద అని ఆమె వివరణ ఇచ్చారు. తర్వాత ఆ మాటలు మార్చారు.

ఇక్కడ నా అభిప్రాయం చెప్తాను, మీరు ఒప్పుకోకపోయినా ఫర్లేదు. దేవుణ్ని చనువుగా తిట్టడం, నిలదీయడం మన భక్తిలో పాత పద్ధతే. గోల్కొండ జైల్లో ఉన్న రామదాసు రాముణ్ని ఎంత గట్టిగా నిలదీశాడో మనకి తెలుసు. దాన్ని నిందాస్తుతి అంటారు. పల్లెల్లో ఎల్లమ్మ, పోచమ్మ పాటల్లో కూడా ఆ చనువు ఉంటుంది. కానీ ఒక మాట పాలమూరు పల్లెలో పుట్టి ఫోన్‌లోకి వచ్చాక, దాన్ని వినేవాళ్లు అందరూ ఆ పల్లెవాళ్లు కారు. ఒక జిల్లాలో గౌరవం ఇంకో చోట వెటకారం అవుతుంది. బాధపడ్డవాళ్ల బాధ కూడా అబద్ధం కాదు. కాకపోతే, ఈ మాటకి మీ ఊళ్లో అర్థం ఏంటి అని ముందు అడిగి ఉంటే బాగుండేది. అనంతపురం జిల్లా తండాలో పుట్టి, తెలంగాణ యాసలో పాడి పేరు తెచ్చుకున్న అమ్మాయి ఆవిడ. తిట్టే ముందు ఒక్క నిమిషం ఆగలేమా?

నాలుగో పాట నవంబర్ 10న వచ్చింది. పేరు చెప్పక్కర్లేదు, 'నాటు నాటు'. కీరవాణి సంగీతం, చంద్రబోస్ సాహిత్యం, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ గొంతులు, ప్రేమ్ రక్షిత్ స్టెప్పులు. రాహుల్ ఎవరు? నాన్న సెలూన్‌లో పని చేసుకుంటూ పాట నేర్చుకుని, సినిమా అవకాశాలతో పాటు సొంతంగా యూట్యూబ్‌లో పాటలు పెట్టుకున్న హైదరాబాద్ గల్లీ పోరడు. మొదట స్టెప్పులు వేసింది మనమే. 2022లో సినిమా నెట్‌ఫ్లిక్స్‌లోకి వెళ్లాక బయటివాళ్లు అందుకున్నారు. లాస్ ఏంజెలెస్ చైనీస్ థియేటర్‌లో జనం సీట్లు వదిలి తెర ముందుకెళ్లి డాన్స్ చేశారు. 2023 ఫిబ్రవరిలో ఢిల్లీలోని కొరియా ఎంబసీ స్టాఫ్ కూడా చేశారు. మార్చి 12న ఆస్కార్ వేదిక మీద రాహుల్, కాలభైరవ తెలుగులో పాడారు, అదే రాత్రి అవార్డు వచ్చింది.

ఇప్పుడు నాలుగూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక రియాక్షన్ మరుగున పడిన గాయనికి పేరు తెచ్చింది. ఒకటి పెళ్లికూతురిని డాన్స్ ఫ్లోర్ మీదకి తెచ్చింది. ఒకటి పాట మాటల్నే మార్పించింది, పాడిన మనిషిని గాయపరిచింది కూడా. ఒకటి తెలుగుని ఆస్కార్ దాకా తీసుకెళ్లింది. నాలుగింట్లోనూ చేసింది మనమే, అదే బొటనవేలితో. అంటే మన కామెంట్ టైమ్‌పాస్ కాదు. దానికి బరువు ఉంది.

ఇందులో నాకు అన్నిటికన్నా ఎక్కువ గుర్తుండేది కోమలి సంగతే. ఎందుకంటే అలాంటి పాటలు ఇంకా చాలా ఉన్నాయి, మోస్తున్నవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. మదీనాగూడలో ఉన్న మనలో చాలామంది ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో వచ్చినవాళ్లమే. ఈసారి పండక్కి ఊరెళ్లినప్పుడు మీ నానమ్మనో, అమ్మమ్మనో ఒక పాట పాడమనండి. నాట్ల పాటైనా, బతుకమ్మ పాటైనా, ఏదైనా సరే. ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఎక్కడ నేర్చుకుందో అడగండి. అప్‌లోడ్ చేస్తే డిస్క్రిప్షన్‌లో మొదటి లైన్‌లో ఆమె పేరు, ఊరి పేరు రాయండి. రేపు ఎవరైనా ఆ పాటని కోట్ల వ్యూస్ దాకా తీసుకెళ్తే, ఈ పాట మా అమ్మమ్మది అని చెప్పడానికి మీ దగ్గర ఒక ఆధారం ఉంటుంది.

కింద మళ్లీ డీజే మొదలైంది, ఇంక నా మాట మీకు వినపడదు. ఉంటాను. ఇంకో కథతో మళ్లీ కలుద్దాం.