టెస్ట్ ల్యాంపు నుంచి స్కానర్ దాకా: కారు కరెంటు కథ

సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో ఉద్యోగం చేసి వచ్చిన మన సభ్యులకు అక్కడి చెరువులు, పొలాలే జ్ఞాపకం. 2008లో అక్కడ శ్రీ సిటీ ప్రారంభమయింది. 2016 ఏప్రిల్‌లో ఇసుజు కంపెనీ 107 ఎకరాల్లో ఫ్యాక్టరీ తెరిచి పికప్ వాహనాలు తయారుచేయసాగింది. 2022లో ఆ మండలాలు తిరుపతి జిల్లాలో కలిశాయి. ఇటు రేణిగుంట దగ్గర కరకంబాడిలో, 1985లో స్థాపితమైన అమరరాజా సంస్థ బ్యాటరీలు తయారుచేస్తోంది. బండీ మన దగ్గరే, బ్యాటరీ మన దగ్గరే. అయినా పెన్షనుదారుని ఇంటిముందు కారు స్టార్ట్ కాకపోతే, ఆ బిల్లు ఎంతకు తేలుతుందోనన్న దిగులు తప్పడం లేదు. ఒకప్పుడు ఈ దిగులు ఇంత లేదు. ఎందుకు లేదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1912కు ముందు కారును హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేవారు. ఆ ఏడాది అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన సెల్ఫ్ స్టార్టరు కాడిలాక్ కారులో వచ్చింది. సెల్ఫ్ తిరగాలంటే పెద్ద బ్యాటరీ కావాలి, దాన్ని ఛార్జ్ చేయడానికి డైనమో కావాలి. కారులో కరెంటు కాపురం పెట్టింది అప్పటినుంచే. మన దేశంలో 1961లో మద్రాసు పాడిలో లూకాస్-టీవీయస్ వెలసింది. అంబాసిడర్ బానెట్ ఎత్తిన వారెవరికీ లూకాస్ పేరు కొత్త కాదు.

ఆ అంబాసిడర్ వైరింగ్ మంచి మెకానిక్కుకు కంఠతా వచ్చేది. బ్రిటిష్ పద్ధతి ప్రకారం గోధుమరంగు వైరంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే కరెంటు, తెలుపు ఇగ్నిషన్ తాళం తిప్పితే వచ్చేది, ఆకుపచ్చ ఫ్యూజు దాటి వచ్చేది, నీలం హెడ్‌లైట్లకు, నలుపు ఎర్త్‌కు. చేతిలో టెస్ట్ ల్యాంపు ఒక్కటి చాలు. ఒక కొస ఎర్త్‌కు తగిలించి, రెండో కొసను ఒక్కో చోట ఆనిస్తూ పోతే, బల్బు ఎక్కడ వెలగదో తప్పు దానికి ముందే ఉన్నట్టు. పాయింట్లకు ఉప్పుకాగితం రుద్ది, కటౌట్ సరిచేసి పంపేవారు. భాగాలు మార్చడం తక్కువ, బాగుచేయడం ఎక్కువ. (డైనమో నిదానంగా తిరిగితే ఛార్జ్ ఇవ్వదు గనుక రాత్రిపూట ఆగిన బండికి లైట్లు గుడ్డిగా వెలగడం మనకందరికీ గుర్తే. ఆల్టర్నేటరు వచ్చాక ఆ బాధ పోయింది.)

మార్పు తెచ్చింది పొగ. కాలుష్య నిబంధనలు బిగుసుకొన్నకొద్దీ కార్బ్యురేటరు పోయి, పెట్రోలును కొలిచి పోసే చిన్న కంప్యూటరు వచ్చింది. అందరూ దాన్ని ఈసీయూ అంటారు. దానికి వార్త మోసే సెన్సార్లు పెరిగాయి, వైర్లు పెరిగాయి. ఒక్కో వార్తకు ఒక్కో వైరు వేస్తూ పోతే బండి మోయలేదు గనుక, జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1986లో 'క్యాన్' అనే పద్ధతిని ప్రకటించింది. పెనవేసిన రెండే వైర్లమీద కంప్యూటర్లన్నీ వంతులవారీగా మాట్లాడుకొంటాయి. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్టు, తప్పును అంకెల్లో చెప్పే కోడ్‌లు తప్పనిసరి అయ్యాయి. మన దేశమంతటా బీఎస్-4 అమలయింది 2017 ఏప్రిల్‌లో, బీఎస్-6 అమలయింది 2020 ఏప్రిల్‌లో.

ఇక్కడే మన జేబుకు సంబంధించిన సంగతి ఉంది. స్కానర్ చెప్పే కోడ్ ఫిర్యాదు మాత్రమే, తీర్పు కాదు. ఉదాహరణకు పి0135 అంటే ఆక్సిజన్ సెన్సారు హీటరు సర్క్యూట్లో లోపమని అర్థం. సెన్సారే చెడి ఉండవచ్చు, ఫ్యూజు పోయి ఉండవచ్చు, ఎలుక వైరు కొరికి ఉండవచ్చు. కోడ్ చూసి సెన్సారు మార్చేస్తే బిల్లు పెద్దది, కోడ్ మాత్రం మర్నాడు మళ్లీ హాజరు. బ్యాటరీ నీరసించినప్పుడైతే కంప్యూటర్లు ఒకదాని మీద ఒకటి పది ఫిర్యాదులు చేస్తాయి. ఆ పదింటికీ పది భాగాలు మార్చనక్కరలేదు.

తెలిసినవాడు మొదట పట్టేది మల్టీమీటరే. ఇంజన్ ఆగి కొన్ని గంటలైన బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. ఇంజన్ నడుస్తుంటే సాధారణంగా పద్నాలుగు వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. తర్వాత మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకొకటి ఇంజన్ లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టాలి. అర వోల్టు దాటితే ఎర్త్ పట్టీ వదులైనట్టో, తుప్పు పట్టినట్టో. తడకు అవతల పులికాట్ ఉప్పుగాలి తగిలే ఊళ్లలో టెర్మినళ్లకు పచ్చటి చిలుము పట్టడం ఉన్నదే. క్యాన్ వైర్లయితే, బ్యాటరీ విప్పి ఆ రెండింటి మధ్య కొలిస్తే సుమారు 60 ఓములు రావాలి. 120 వస్తే ఎక్కడో తెగింది.

పాత టెస్ట్ ల్యాంపును మాత్రం కంప్యూటరు పిన్నులకు తగిలించనీయవద్దు. అయిదు వాట్ల బల్బు కూడా దాదాపు అర ఆంపియరు లాగుతుంది, లోపలి సున్నితమైన భాగాలు మాడిపోవచ్చు. పసుపుపచ్చ తొడుగున్న వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటి జోలికి పోతే ప్రాణానికే ప్రమాదం.

బిల్లు చేతికిచ్చేముందు "ఏ టెస్టు చేసి ఈ భాగం పోయిందని తేల్చారు?" అని మర్యాదగా అడగండి. కొలిచి చూసినవాడు అంకె చెబుతాడు.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే సభ్యులకు ఒక మాట. తాళం వేసి నిలబెట్టినా కారు కంప్యూటర్లు, అలారం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్లయితే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, నెలకు 36. చిన్న కారు బ్యాటరీ మొత్తం దాదాపు అంతే. ఆరునెలల ప్రయాణమయితే నెగటివ్ టెర్మినల్ విప్పించి వెళ్లండి. ముందుగా రేడియో కోడ్ ఉంటే రాసిపెట్టుకోండి, రిమోట్ కాక మామూలు తాళంతో తలుపు తెరుచుకొంటుందో లేదో చూసుకోండి.