గోళీ సోడా సీసా మసక వదిలించే ఇంటి మిషన్: సికింద్రాబాద్ కథ

ఎర్రగడ్డ సండే మార్కెట్‌లోనో, జుమ్మెరాత్ బజార్‌లోనో పాత సామాన్ల మధ్య అప్పుడప్పుడు ఒక సీసా కనిపిస్తుంది. మెడ దగ్గర నొక్కినట్టు ఉంటుంది, లోపల ఒక గోళీ. ఎంత కడిగినా పాలు పోసి ఆరబెట్టినట్టు మసకగానే ఉంటుంది. ఆ మసక ఏంటి? ఇంట్లో చేసుకునే చవక మిషన్‌తో దాన్ని ఎలా తీస్తారు? అసలు తీయాలా, వద్దా? ఈరోజు ఎపిసోడ్ ఇదే.

ముందు ఈ సీసా మన ఊరికి ఎందుకు వచ్చిందో చూద్దాం. 1798లో నిజాం బ్రిటిష్ వాళ్లతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. వాళ్ల సైన్యం హుస్సేన్ సాగర్‌కి ఉత్తరాన దిగింది. 1806లో ఆ చోటుకి మూడో ఆసఫ్ జా, అంటే సికిందర్ జా పేరు పెట్టారు. అదే సికింద్రాబాద్. కంటోన్మెంట్ అంటే సిపాయిలు, ఆఫీసర్లు, మెస్సులు. అవి కలరా రోజులు, నీళ్లంటేనే భయం. అందుకే సోడాకి గిరాకీ. మలేరియాకి క్వినైన్ కలిపిన టానిక్ వాటర్ కూడా ఆ కాలందే. మలేరియా పరాన్నజీవిని దోమ పొట్టలో రోనాల్డ్ రాస్ చూసింది కూడా ఇక్కడే కదా, 1897 ఆగస్టు 20న.

సోడాతో చిక్కు ఏంటంటే గ్యాస్. బెండు బిరడా ఎండితే గ్యాస్ జారిపోతుంది. అందుకే మొదట్లో అడుగు గుండ్రంగా ఉండే సీసాలు చేశారు. నిలబెట్టడం కుదరదు, పడుకోబెట్టాల్సిందే, బిరడా తడిగా ఉంటుంది. తర్వాత లండన్‌లో హైరమ్ కాడ్ అనే ఇంజినీరు 1872లో గోళీ సీసాకి పేటెంట్ తీసుకున్నాడు. మెడలో రబ్బరు రింగు, లోపల గోళీ. సోడా గ్యాస్ ఒత్తిడే గోళీని పైకి తోసి మూత వేస్తుంది. తాగేటప్పుడు గోళీని నొక్కితే ‘టప్’. వంచితే మెడలో ఉన్న నొక్కు గోళీని ఆపుతుంది.

సోడా బండి దగ్గర పాత మిషన్ చూసుంటే గుర్తు తెచ్చుకోండి. సీసాల్ని ఇనుప చట్రంలో బిగించి, చక్రం పట్టుకుని గిరగిరా తిప్పేవాళ్లు, గ్యాస్ నీళ్లలో కలవడానికి. ఇప్పుడు ఆ సీసాని శుభ్రం చేయడానికి కూడా తిప్పడమే దారి. భలే ఉంది కదా?

ఇక మసక సంగతి. అది మట్టి కాదండీ. గాజు అంటే ఇసుక, సోడా, సున్నం కలిపి కరిగించింది. ఏళ్ల తరబడి తడి మట్టిలో ఉంటే నీళ్లు గాజులోని సోడియాన్ని మెల్లగా లాగేస్తాయి. పైపొర గుల్లబారుతుంది, వెలుగు చెదిరి మసకగా కనిపిస్తుంది. ఒక టెస్ట్ ఉంది. సీసాని తడపండి. తడిగా ఉన్నప్పుడు మెరిసి, ఆరగానే మళ్లీ మసకబారితే అది గాజుకే పట్టిన జబ్బు. అలా కాకుండా సున్నం మరక అయితే వెనిగర్‌లో నానబెడితే పోతుంది, మిషన్ అక్కర్లేదు.

మరి మిషన్ ఎలా? మన ఇళ్లలో సన్న మూతి సీసాలో బియ్యమో ఇసుకో వేసి, నీళ్లు పోసి గిలకొట్టేవాళ్లు కదా, అదే ఐడియా. దాన్నే చేతితో కాకుండా మోటార్‌తో రోజుల తరబడి చేయాలి. రాణిగంజ్ షాపుల్లో దొరికే 6 అంగుళాల పీవీసీ పైపు ముక్క, రెండు వైపులా మూతలు. సీసా పైపుకి తగలకుండా నడిమధ్యలో నిలిచేలా రెండు కొసల్లో రబ్బరు బిళ్లలు. కింద చెక్క మీద బేరింగుల్లో రెండు ఇనుప రాడ్లు, జారకుండా వాటికి రబ్బరు ట్యూబ్ తొడుగు. ఒక రాడ్‌ని తిప్పడానికి స్క్రాప్‌లో దొరికే కారు వైపర్ మోటార్, దానికి 12 వోల్టుల అడాప్టర్. పైపు నిమిషానికి 30, 40 చుట్లు తిరిగితే చాలు.

సీసా లోపల, బయట సన్నగా తరిగిన రాగి వైరు ముక్కలు సగం దాకా పోసి, నీళ్లు, అల్యూమినియం ఆక్సైడ్ మెరుగు పొడి కలపాలి. రాగే ఎందుకు? రాగి గాజుకంటే మెత్తన, గీత పడదు. బరువుగా ఉండి పొడిని గాజుకి రుద్దుతుంది. రెండు మూడు రోజులు పట్టొచ్చు, ఓపిక కావాలి. గోళీ సీసాకి ఇంకో చిక్కు: రాగి తక్కువైతే గోళీ ఎగిరెగిరి గాజుకే తగులుతుంది. పొడి ఆరాక గాలిలో లేస్తుంది, కాబట్టి మాస్క్ పెట్టుకోండి, తడిగానే కడిగేయండి. గాజుని తినేసే ఆసిడ్లు ఉంటాయి, వాటి జోలికి అస్సలు వెళ్లొద్దు.

ఇప్పుడు అసలు మాట. ఈ మిషన్ మసకని కడగదు, గాజునే అరగదీస్తుంది. పాత సోడా సీసాల మీద సోడా ఫ్యాక్టరీ పేరు, ఊరి పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉండేవి. సీసా వాపసు రావాలి కదా, పక్కవాడు వాడుకోకుండా అలా అచ్చులోనే పోయించేవాళ్లు. ఆ అక్షరాలే మొదట అరిగేది. చిన్న సోడా ఫ్యాక్టరీ ఓనర్ గురించి ఎవరు పుస్తకం రాస్తారు చెప్పండి? చాలాసార్లు అతను ఉన్నాడనడానికి మిగిలిన సాక్ష్యం ఆ సీసా ఒక్కటే. పిల్లలు గోళీ కోసం పగలగొట్టినవి పోగా, పెంకులై కొలిమికి వెళ్లినవి పోగా మిగిలింది అదే.

అందుకే ఈ వరస పాటించండి. ముందు పక్క నుంచి లైట్ వేసి అక్షరాల ఫోటో తీయండి. పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోండి. ఎక్కడ దొరికిందో రాసిపెట్టుకోండి. తర్వాత పేరు లేని మామూలు సీసా మీద మిషన్ పరీక్షించండి. పేరున్న సీసాని చదవగలిగేంత వరకే తుడవండి. కొత్తదానిలా మెరవాలని చూస్తే మెరుపు మిగులుతుంది, పేరు పోతుంది.

సికింద్రాబాద్ అనో, బొల్లారం అనో, తిరుమలగిరి అనో రాసున్న సీసా మీ అటక మీద ఉంటే ఆ అక్షరాలు మాకు రాసి పంపండి. అందరం కలిపి చదువుదాం. ఉంటాను మరి, మళ్లీ కలుద్దాం.