ఊపిరి అంకెలు చదివిన యంత్రం

మనిషి ఒక్క దమ్ములో ఎంత గాలి వదలగలడో కొలిచే స్పైరోమీటర్‌ను 1840లలో లండన్‌లో జాన్ హచిన్సన్ అనే ఆంగ్ల వైద్యుడు తయారుచేశాడు. నీళ్లతొట్టిలో బోర్లించిన పాత్ర, దాన్ని తేల్చడానికి బరువులు, ఊదడానికి ఒక గొట్టం. నిండుగా గాలి పీల్చి ఊదితే పాత్ర పైకి లేస్తుంది. ఎంత లేచిందో పక్కనున్న కొలబద్ద చెబుతుంది. నావికులను, పోలీసులను, ముష్టియోధులను, నిరుపేదలను కలిపి 2,130 మంది చేత ఊదించి, 1846లో ఆ లెక్కలు ప్రచురించాడు. ఎత్తును బట్టి ఈ కొలత పెరుగుతుందని, క్షయ సోకితే పడిపోతుందని తేల్చాడు. హచిన్సన్‌కు ఒక జీవితబీమా కంపెనీలోనూ ఉద్యోగం ఉండేది. పాలసీ అడిగినవాడి ఊపిరితిత్తులు ఎన్నాళ్లు ఆడతాయో ముందే తెలిస్తే కంపెనీకి అంతకన్నా కావలసిందేముంది?

ఆయన లెక్కల్లోకి వచ్చినవాళ్లలో ఫ్రీమన్ అనే భారీకాయుడు ఒకడు. అమెరికా నుంచి పిడిగుద్దుల పోటీకి వచ్చినవాడు. 1842లో ఏకంగా 434 ఘనపుటంగుళాలు ఊదాడు. ఏడు లీటర్లకు పైమాటే. రెండేళ్లకు ఆ అంకె బాగా దిగజారింది. 1845లో అతను క్షయతో పోయాడు.

మొత్తం గాలి ఒక్కటే చూస్తే ఉబ్బసం లాంటివి సరిగా దొరకవు. 1947లో ఫ్రాన్స్‌లో టిఫెనో, పినెల్లి అనే పరిశోధకులు మొదటి సెకనులో ఎంత బయటికొస్తుందో చూడాలన్నారు. ఊపిరి గొట్టాలు ఇరుకైతే గాలి నెమ్మదిగా వస్తుంది. ఊపిరితిత్తులే ముడుచుకుపోతే వేగంగానే వస్తుంది గానీ, వచ్చేదే తక్కువ. ఈ తేడా పట్టుకోవడానికి నాలుగైదు అంకెలు పక్కపక్కన పెట్టి, రోగి వయసు, ఎత్తు, పొగతాగే అలవాటు కలిపి చూడాలి. కొలిచే పని కన్నా చదివే పనే బరువైంది.

1970ల చివర్లో ఆ బరువును కంప్యూటర్‌కు ఎత్తారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని పసిఫిక్ మెడికల్ సెంటర్‌లో ఊపిరితిత్తుల నిపుణుడు రాబర్ట్ ఫాలట్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులతో కలిసి ‘పఫ్’ అనే ప్రోగ్రాం తయారుచేశాడు. రక్తంలో ఇన్ఫెక్షన్ల కోసం స్టాన్‌ఫర్డ్‌లో రాసిన ‘మైసిన్’ చట్రాన్నే తీసుకుని, లోపల ఊపిరి సంగతులు నింపారు. పాత రోగుల కాగితాలు ముందేసుకుని, ఈ అంకె చూసి ఈ మాట ఎందుకు రాశారని డాక్టరును గుచ్చిగుచ్చి అడిగి, జవాబులను ‘ఇది ఇలా ఉంటే అది అలా’ అనే సూత్రాలుగా మార్చారు. తర్వాత దాన్ని బేసిక్ భాషలో తిరగరాసి ఆసుపత్రిలోని చిన్న కంప్యూటర్‌కే ఎక్కించారు. అది రాసిన నివేదికల్లో ఎక్కువభాగం మీద డాక్టర్లు మార్పు లేకుండానే సంతకం పెట్టేవారు. మార్చినప్పుడు కూడా తరచుగా చేర్చింది ఒక్క మాటే: ఈ రోగి పాత పరీక్షలతో పోల్చి చూడండి అని. ప్రోగ్రాంకు ఇవాళ్టి ఊపిరే తెలుసు మరి.

దానికి తెలియని సంగతి ఇంకోటుంది: ‘మామూలు’ అంటే ఎవరి మామూలు? పఫ్ మొదలుకొని నేటి బల్లమీది యంత్రాల దాకా అన్నీ రోగి కొలతను ఆరోగ్యవంతుల సగటుతో పోల్చే తీర్పు చెబుతాయి. ఆ సగటుకు చేదు చరిత్ర ఉంది. లూయిజియానా వైద్యుడు శామ్యూల్ కార్ట్‌రైట్ 1851 ప్రాంతంలో నల్లజాతి బానిసల ఊపిరి తెల్లవారి కన్నా ఐదోవంతు తక్కువని రాసి, వెట్టిచాకిరీకి దాన్నే సమర్థనగా చూపాడు. తిండి, పని, బతుకు తేడాలు పక్కనబెట్టిన ఈ ఆలోచన ‘జాతి సవరణ’ పేరుతో అమెరికా యంత్రాల్లోకి చేరి స్థిరపడింది. నల్లవారికి మామూలు హద్దునే తగ్గించి చూడటంతో, ఉన్న జబ్బు కూడా లేనట్టే కనిపించే ప్రమాదం వచ్చింది.

ఈ ‘మామూలు’ను లెక్కగట్టడానికి 2012లో ఒక అంతర్జాతీయ బృందం తెచ్చిన సమీకరణాల్లో కూడా జాతుల విభజన ఉంది. తెలుగువారితో సహా దక్షిణాసియా వాళ్లకు అందులో విడి గడి లేదు, ‘ఇతరులు’లో సర్దుకోవాల్సిందే. 2022లో జాతి లెక్క లేని సమీకరణాలు వచ్చాయి. 2023లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ వాటినే వాడమంది. దాంతో కొందరికి అదే ఊపిరి, అదే కొలత; నివేదికలో మాత్రం ‘మామూలు’ కాస్తా ‘లోపం’ అయింది.