ద్రౌపది పక్షపాతం

ఏకకాలంలో పలువురి యెడ అనురాగం వహించవలసిన స్థితి మహాభారత నాయికలలో ద్రౌపదికే ఏర్పడింది. ఆమె కథను మన కాలంలో దేశదేశాలకు వినిపించిన గళం ఒక ఉక్కునగరం చెంత నుండి వెలువడడం విశేషం.

1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు భిలాయ్ ఉక్కు కర్మాగారం రూపుదిద్దుకున్నది. తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉపాధికై నలుమూలల నుండి అక్కడికి చేరినవారిలో తెలుగువారూ ఉన్నారు. ఆ సమీపంలోని గనియారీ గ్రామంలో జన్మించి, ఆ కర్మాగారంలోనే ఉద్యోగం చేసిన పండవానీ గాయని తీజన్ బాయి. స్త్రీలు కూర్చుండి పాడే వేదమతి పద్ధతిని కాదని, నిలబడి అభినయించే కాపాలిక శైలిని ఆమె చేపట్టారు. అందుకు తన వారి వెలివేతను సైతం సహించారు. 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ పురస్కారాలు ఆమెకు లభించాయి. ఆమె చేతిలోని తంబూర ఒక క్షణం భీముని గద, మరుక్షణం అర్జునుని విల్లు. ప్రక్కనున్న ‘రాగీ’ ఊఁ కొడుతూ, ప్రశ్నిస్తూ కథను నడిపిస్తాడు. బుర్రకథ నెరిగిన తెలుగు శ్రోతకు ఈ ప్రదర్శన పరాయిదనిపించదు.

ఈ కథలో అంతర్లీనంగా ఒక ప్రశ్న ఉన్నది. ఒక హృదయం పలువురిని సమానంగా ప్రేమించగలదా? పురుషుని విషయంలో మన ఆలంకారికులు దీనికి సమాధానం చెప్పారు. ఓరుగల్లులో ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయం శృంగార నాయకులను అనుకూలుడు, దక్షిణుడు, ధృష్టుడు, శఠుడు అని నాలుగు విధాలుగా పేర్కొన్నది. పెక్కుమంది నాయికల యెడ సమానురాగం గలవాడు దక్షిణుడు. శాస్త్రం దృష్టిలో అది దోషం కాదు, నేర్పు. నాయికలను ఎన్నో తెగలుగా విభజించిన ఆ శాస్త్రంలో ‘దక్షిణ నాయిక’కు మాత్రం చోటు దొరకలేదు.

శాస్త్రం పేరు పెట్టని ఆ స్థితే ద్రౌపదికి విధి అయింది. కుంతి మాట వలన, వ్యాసుని సమ్మతి వలన ఆమె ఐదుగురికి ఇల్లాలయింది. ఆమె ఒకరితో ఏకాంతంలో ఉన్నప్పుడు మరొకరు అక్కడికి రారాదని నారదుని హితవుపై పాండవులు నియమం చేసుకున్నారు. తిలోత్తమకై కలహించి నశించిన సుందోపసుందుల గతి తమకు పట్టకూడదన్నదే అందలి ఉద్దేశం. ఆ నియమం అన్నదమ్ముల మైత్రిని కాపాడింది. ద్రౌపది మనస్సుతో దానికి ప్రసక్తి లేదు.

తిక్కన తెనిగించిన మహాప్రస్థానిక పర్వంలో ముందుగా నేలకొరిగినది ద్రౌపదియే. కారణమేమని భీముడు అడిగాడు. అర్జునుని యెడ ఆమెకు గల పక్షపాతమే కారణమని ధర్మరాజు బదులిచ్చాడు. తరువాత సహదేవుడు ప్రజ్ఞను గురించి, నకులుడు రూపాన్ని గురించి, అర్జునుడు శౌర్యాన్ని గురించి, భీముడు బలాన్ని గురించి వహించిన అతిశయం వలన పడిపోయారు. నలుగురిదీ అహంకార దోషం. ప్రేమ కారణంగా పడినది ఆమె ఒక్కతె.

ఆ అభియోగాన్ని ఆమె నడవడితో పోల్చి చూడాలి. ద్యూతసభలో ధృతరాష్ట్రుడు వరమిచ్చినప్పుడు ఆమె మొదట కోరినది, తనను పణంగా ఒడ్డిన ధర్మరాజు దాస్యవిముక్తి. రెండవ వరంతో తక్కిన నలుగురినీ ఒక్కసారిగా విడిపించింది. మూడవ వరం వద్దన్నది. విరాటనగరంలో కీచకుని బారి నుండి రక్షణకై ఆమె ఆశ్రయించినది భీముని. మనస్సు ఒకరి వైపు మొగ్గి ఉండవచ్చు గాక, ధర్మంలో మాత్రం ఆమె ఐదుగురికీ సమంగా నిలిచింది. అర్జునునికి ఉలూపి, చిత్రాంగద, సుభద్ర ఉన్నారు. భీమునికి హిడింబ ఉన్నది. వారి అనురాగం ఎవరి వైపు మొగ్గినదో మహాప్రస్థానంలో ఎవరూ తూచలేదు.

జానపదులు ఆమెను మరొక విధంగా భావించారు. చిత్తూరు ప్రాంతపు పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల ఆలయాల వద్ద భారత ఉత్సవాలు జరుపుతారు. అక్కడ ఆమె మ్రొక్కులందుకునే దేవత. పండవానీలో ప్రధాన వీరుడు భీముడు. పడిపోయిన ద్రౌపదిని చూసి కారణమడిగిన వాడూ అతడే. ధర్మరాజు సమాధానం గ్రంథస్థమై నిలిచింది. భీముని ప్రశ్న మాత్రం, ఆ తంబూర మ్రోగిన ప్రతిసారీ, మనలను కూడా అడుగుతూనే ఉన్నట్లు తోస్తుంది.