కట్టు విప్పని నాలుగు రోజులు

1794 అక్టోబరులో లండన్ 'జెంటిల్‌మన్స్ మ్యాగజైన్' పుణె ముక్కు కథను అచ్చేసింది. ఇంగ్లీషు సైన్యంలో ఎడ్లు తోలే కావస్‌జీ 1792 యుద్ధంలో టిప్పు సుల్తాన్‌కు బందీగా చిక్కితే ముక్కు, ఒక చెయ్యి కోసేశారు. ఏడాది తర్వాత ఇటుకలు చేసే కులంవాడొకడు నుదుటి చర్మాన్ని కిందికి మళ్ళించి కొత్త ముక్కు నిలబెట్టాడు. (ఆ వైద్యుడి పేరు రాయాలని ఉత్తరం రాసినాయనకు తోచలేదు.)

ప్లాస్టిక్ సర్జరీ చరిత్ర చెప్పేవాళ్ళు ఇక్కడ కత్తిని మెచ్చుకుని, 1814లో లండన్‌లో కార్ప్యూ చేసిన ఆపరేషన్‌కు దాటిపోతారు. నాకైతే ఆ ఉత్తరంలో కత్తి పని అయిపోయినంక వచ్చే వాక్యాలే విలువైనవి. కాచును నీళ్ళతో మెత్తజేసి, గుడ్డపేలికలకు పూసి, ఐదారు పొరలుగా అతుకు మీద వేశారు. నాలుగు రోజులు దాన్ని కదపలేదు. తర్వాత నేతిలో ముంచిన గుడ్డలు. ఐదారు రోజులు వెల్లకిలా పడుకోబెట్టారు. పదోరోజు ముక్కురంధ్రాలు పూడకుండా మెత్తటి గుడ్డ పెట్టారు. నుదుటితో ఉన్న చర్మపు బంధాన్ని ఇరవై ఐదో రోజు దాకా తెంపలేదు.

ఆ బంధం గుండా రక్తం అందేది. ఇప్పటి స్కిన్ గ్రాఫ్ట్‌కు ఆ భాగ్యం లేదు. 1869లో పారిస్‌లో రెవర్డిన్ చిన్న చిన్న ముక్కలతో మొదలుపెట్టిన పద్ధతి ఇది: చర్మం పూర్తిగా తెగి వస్తుంది. మొదటి రెండు రోజులు కింది పుండు ఊటనే పీల్చి బతుకుతుంది, ఆపైన సన్నటి రక్తనాళాలు అందుకుంటాయి. ఈలోగా అడుగున నెత్తురు చేరినా, చీము పట్టినా, చర్మం కాస్త జరిగినా అంతే సంగతులు. మామూలుగా ఐదోరోజు ప్రాంతాన గానీ కట్టు విప్పరు.

మోత్కూరు దిక్కు పెద్ద కాలిన గాయమంటే హైదరాబాదుకే పోవాలె. ఉస్మానియాలో 2021లో చర్మ బ్యాంకు కూడా వచ్చింది. కానీ డిశ్చార్జి అయినంక పని ఇంటోళ్ళదే. చూడొచ్చిన చుట్టాలు "గట్ల మూసిపెడితే ఎట్ల మానుతది, జర గాలి తగలనియ్యి" అంటరు. ఇంకొకరు పసరు పిండుతమంటరు. రెండూ వద్దు. అతికిన చోటుకన్నా చర్మం చెక్కిన తొడే ఎక్కువ మండుతది, అదీ రెండు వారాల్లో మానుతది. ముంబైలో గోరే, అకోలేకర్ అనే వైద్యులు అక్కడ వేయడానికి ఆవిరిలో శుద్ధి చేసిన అరటాకును పరీక్షించి 2003లో ప్రకటించారు. పుండుకు అంటుకోదు, విప్పేటప్పుడు నొప్పి ఉండదు.

మానినంక కూడా పల్చటి గ్రాఫ్ట్‌కు చెమట పట్టదు, నూనె ఊరదు. పగులుతది, దురద పెడతది. డాక్టరు సరేనన్నంక రోజూ కొబ్బరినూనె మెల్లగా రుద్దాలె. పత్తి ఏరబోయేటప్పుడు, ఏడాది దాకా, దాని మీద నిండుగా గుడ్డ కప్పుకునే పోవాలె. ఎండకు అది నల్లబడుతది.