సంఘం బీరువాలో సీడీలు - ఎక్కించాలా, వదిలేయాలా?

బీరువాలో పడి ఉన్న సీడీలను ఏం చేయాలన్న మాట మన మధ్య కొన్నాళ్ళుగా నలుగుతోంది. ఫోన్లో అన్ని పాటలూ దొరుకుతుంటే వీటిని కంప్యూటర్లోకి ఎక్కించే శ్రమ ఎందుకని కొందరు అడుగుతున్నారు. తేల్చుకునే ముందు కాస్త వెనక్కి వెళ్దాం.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు మన బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయింది. మనం ఇల్లు కదల్లేదు, సరిహద్దే మనల్ని దాటి ఇచ్ఛాపురం దగ్గర కూర్చుంది. జీవితంలో ఎక్కువ కాలం పర్లాకిమిడిలోనే గడిపిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ఏడే రాజమండ్రి వెళ్ళిపోయారు. ఉండిపోయిన వాళ్ళ తెలుగు బడిలో కన్నా చెవిలోనే ఎక్కువ బతికింది. ముందు గ్రామఫోను పళ్ళాలు, 1963 నుంచి విశాఖ రేడియో, తర్వాత క్యాసెట్లు, చివరికి ఈ సీడీలు. ఇవాళ మన పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. వాళ్ళకు తెలుగంటే వినేదే.

ఫోన్లో పాటలు మన సొత్తు కావు. 2023 మార్చిలో స్పాటిఫైకీ జీ మ్యూజిక్‌కీ ఒప్పందం కుదరక ఎన్నో హిందీ పాటలు మాయమయ్యాయి. 2024 జనవరి 31న రెస్సో మూతపడింది, అదే ఏడు వింక్ కూడా. జనం ఏళ్ళ తరబడి పేర్చుకున్న పాటల జాబితాలు వాటితోనే పోయాయి.

అయినా సినిమా పాటల గురించి బెంగ అనవసరం అని మా అభిప్రాయం. ఘంటసాల భగవద్గీత ఒకచోట పోతే పదిచోట్ల దొరుకుతుంది. బజారులో కొన్న సీడీలు అలాగే ఉండనిద్దాం.

అసలు సంగతి మనవాళ్ళు రాసుకున్న సీడీలది. ఉగాది కవిసమ్మేళనాలు, హరికథలు, పద్యనాటకాలు, సభల్లో పెద్దల ప్రసంగాలు, ఒడియా మాటలు కలిసిపోయిన మన బరంపురం యాస. ఇవి ఏ కంపెనీ దగ్గరా లేవు. పైగా కంపెనీ సీడీ అచ్చు వేసినది, ఇంట్లో రాసిన సీడీలో మాట నిలిచేది సన్నని రంగు పొర మీద. ఎండకీ తేమకీ ఆ పొర చెడుతుంది. గోపాల్‌పూర్ సముద్రగాలి మనకు కొత్త కాదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తీరం దాటింది అక్కడే. అలాంటి తుఫానుకు ఒక్క బీరువా ఏపాటి?

గ్రియర్సన్ దొర భాషా సర్వేక్షణలో భాగంగా నూరేళ్ళ కిందట తెలుగుతో సహా ఎన్నో భాషల మాటలను గ్రామఫోను పళ్ళాల మీద పట్టారు. అవి అమ్మకానికి చేసినవి కావు. ఎక్కడో భద్రపరిచారు, తర్వాత షికాగో విశ్వవిద్యాలయం వాటిని ఇంటర్నెట్‌లో పెట్టింది. అందుకే ఇప్పుడు వినగలుగుతున్నాం. మన గొంతులకు షికాగో రాదు, మనమే పూనుకోవాలి.

ఖర్చు భయపడేంత లేదు. ఒక ఆడియో సీడీ మామూలుగా 850 మెగాబైట్లకు మించదు. ఒక టెరాబైటు డిస్కులో వెయ్యికి పైగా పడతాయి. నాణ్యత తగ్గని ఫ్లాక్ రూపంలో దాస్తే ఇంకా ఎక్కువే. ఎంపీ3 వినడానికి సరే, దాచడానికి వద్దు. కొత్త ల్యాప్‌టాప్‌లలో సీడీ పెట్టే చోటే లేదు కాబట్టి ఆ డ్రైవు విడిగా కొనాలి. ఒక నకలు ఇక్కడ ఉంచి, రెండోది విశాఖలోనో హైదరాబాదులోనో ఉన్న మనవాళ్ళ దగ్గర ఉంచుదాం, తుఫాను రెండుచోట్లకూ ఒకేసారి రాదు. పాడినవాళ్ళనో వాళ్ళ ఇంటివాళ్ళనో అడగకుండా మాత్రం ఏదీ బయట పెట్టొద్దు.

చాలా సీడీల మీద తేదీ తప్ప ఏమీ లేదు. ఎవరు పాడారో, ఎక్కడ పాడారో తెలియదు. ఆ గొంతులు గుర్తుపట్టగలిగిన పెద్దలు ఇంకా మన మధ్యే ఉన్నారు. డిస్కు కొనడం కన్నా ముందు వాళ్ళను కూర్చోబెట్టి, వినిపించి, పేర్లు రాసుకుందాం. మీ ఇళ్ళలో ఇలాంటి సీడీలుంటే వచ్చే సమావేశానికి తీసుకురండి.