చదరంగపు గళ్ళ సంకలితము: పావులూరి మల్లన పద్యపాఠ విచారము

ఏలూరునకు చేరువనున్న నేటి పెదవేగియే నాటి వేంగి. ఆ పేరు వహించిన చాళుక్యరాజ్యమున రాజరాజనరేంద్రుని ఆదరము పొందిన వంశము పావులూరివారిది. క్రీ.శ. 850 ప్రాంతమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనిగించెను. గ్రంథకర్త రాజరాజు కాలపు మల్లనయా, ఆతని మనుమడైన మరియొక మల్లనయా అను వివాదమున్నది. మన ప్రస్తుతాంశమునకు దానితో పనిలేదు.

మల్లనదిగా ప్రసిద్ధికెక్కిన చంపకమాల యొకటి చదరంగపు గళ్ళ లెక్కను చెప్పును. మొదటి గడిలో ఒకటి, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు 64 గళ్ళు రెట్టించి కూడినచో మొత్తము 18446744073709551615. సుమారు క్రీ.శ. 1000లో అల్బిరూనీయు ఈ లెక్కనే వ్రాసెను. వేయి వడ్లగింజలు 25 గ్రాములు తూగుననుకొన్నచో, ఈ ధాన్యమును తాడేపల్లిగూడెపు వర్తకులెరిగిన 75 కిలోల బస్తాలకెత్తగా ఆరు లక్షల కోట్ల బస్తాలు దాటును. 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడిన కొల్లేటి భాగము 308 చదరపు కిలోమీటర్లు. ఘనమీటరునకు 600 కిలోల చొప్పున అందంతట పోసినను రాశి రెండున్నర కిలోమీటర్ల ఎత్తు లేచును.

అయితే సాహిత్యవిద్యార్థికి ఇందలి ముఖ్యవిషయము రాశి కాదు, పాఠము. ఇరువది అంకెలను కవి భూతసంఖ్యలతో, ఒకట్ల స్థానము మొదలు ఎడమవైపునకు చెప్పినాడు. లేఖకుడు ఒక్క పదము తప్పినను సంఖ్య చెడును. ఆ తప్పును పట్టుటకు తాళపత్రములు వెదుకనక్కరలేదు. ఈ సంఖ్యకు 3, 5, 17, 257, 641, 65537, 6700417 కారణాంకములు. (వీనిలో 641, 6700417ల గుణకారఫలము రెండు యొక్క 32వ ఘాతముకంటె ఒకటి ఎక్కువ. ఫెర్మా ప్రధానసంఖ్య యనుకొన్న దానిని ఆయిలర్ 1732లో ఇట్లు విడదీసెను.) 17 తో భాగించి చూచిన చాలును. ఏ ఒక్క అంకె మారినను, ప్రక్కప్రక్కల రెండు భిన్నాంకెలు తారుమారైనను శేషము మిగులక తప్పదు.

కాని గణితము అంకెను కాచునే గాని పదమును కాదు. ఏడునకు నగ, భూధర, గిరి అను మూడు పేర్లు వాడినాడు కవి. ఒకదానికి బదులు మరియొకటి వ్రాసినను లెక్క తప్పదు. అచ్చట ఛందస్సు కావలియుండును. మొదటి పాదమున 'శర' శబ్దముతో ఎత్తుకొనినాడు గనుక పదునొకండవ అక్షరమున యతికి 'సాయక' శబ్దము కుదిరినది. 'బాణ' యన్నచో యతియు గణమును రెండును చెడును. 'భూధర'లో 'భూ' మొదటి పాదాంతమున నిలిచి, 'ధర' రెండవపాదమున ప్రాసకు రేఫము నిచ్చినది. ఎనిమిదికి చెప్పిన 'కుంజర'యు అట్లే విరిగి మూడవపాదపు ప్రాసను నిలిపినది. అచ్చట 'గజ' శబ్దము చొరలేదు.

రెండవపాదమున వేదశబ్దము తరువాతి 'గిరి' మాత్రము ఈ రెండు కాపుదలలకును వెలుపలిది. అచ్చట 'నగ' యని చదివినను గణభంగము లేదు, యతిప్రాసలు చెడవు, 17 తో భాగించినను శేషముండదు. ఆ రెండక్షరములకు మాత్రము తాళపత్రములనే నమ్మవలెను.